విగ్రహం అనే మాట

1878 జులై 3న ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి రేవు దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మిషనరీల చరిత్ర మీద వచ్చిన చాలా పుస్తకాల్లో ఈ అంకె కనిపిస్తుంది. అమెరికాలో బాప్టిస్టులకు ఒంగోలు అనే ఊరొకటి ఉందని తెలిసింది దీనివల్లే. మాది ఆ జిల్లానే. ఆ రేవుకు మా ఊరు పెద్ద దూరం కూడా కాదు. ఇంటరు దాకా ఒంగోల్లోనే చదివినా నాకు ఈ సంగతి ఇంట్లోగాని, బడిలోగాని ఎవరూ చెప్పలేదు. దాచిపెట్టారని అనను. ఊరికి ఆ చివర జరిగింది ఈ చివరి వాళ్లకి చరిత్రలా కనపడదు, అంతే. కొండ మీద ప్రార్థన చేసిన చోటుంది, ఊళ్లో క్లౌ దొర పేరుతో ఆసుపత్రి ఉంది, చర్చి ఉంది, కాలేజీ ఉంది. వాటి పక్కనుంచి సైకిలు మీద వెళ్లేవాళ్లం. ఎందుకున్నాయని అడిగినవాడు లేడు.

నాకు ఆ అడగాల్సిన అవసరం ఆక్లండులో, శాండ్రింగ్‌హామ్‌లో వచ్చింది.

శాండ్రింగ్‌హామ్ అంటే ఇంగ్లండు రాజుగారి విడిది బంగళా పేరు. ఆ పేరు పెట్టినవాళ్లు ఇప్పుడొచ్చి చూస్తే కంగారు పడతారు. శాండ్రింగ్‌హామ్ రోడ్డు పొడుగునా పప్పుల కొట్లు, మిఠాయి కొట్లు, దోసె హోటళ్లు, హలాల్ మాంసం దుకాణాలు. క్రికెట్టు, రగ్బీ ఆడే ఈడెన్ పార్కు ఒక పక్క, బాల్మోరల్ రోడ్డు మీద భారతీయ మందిర్ మరో పక్క. 1987లో ఫిజీలో సైనిక కుట్రలు జరిగాక అక్కడినుంచి వచ్చినవాళ్లు, ఆ తర్వాత శ్రీలంక వాళ్లు, గుజరాతీలు, ఆ తర్వాత కంప్యూటర్లు పట్టుకుని మనవాళ్లు. ఆదివారం ఉదయం ఒకే చర్చి హాల్లో పొద్దున ఒక భాషలో, మధ్యాహ్నం మరో భాషలో ప్రార్థన జరగడం ఆక్లండులో మామూలే. తెలుగులో కూడా జరుగుతుంది. మా వీధిలోనే, మూడిళ్ల అవతల, ఒక తెలుగు క్రైస్తవ కుటుంబం ఉంది. ఆవిడ నర్సు. ఆయనా నేనూ బస్సులో కలిసి వెళ్లేవాళ్లం. వాళ్లబ్బాయి, మా అమ్మాయి ఒకే బడి. ఇద్దరి తల్లిదండ్రులదీ పాత గుంటూరు జిల్లానే. 1970లో ప్రకాశం జిల్లా విడిపోయాక నేను ఇటుపడ్డాను, ఆయన అటుపడ్డాడు. ఊరు వదిలి ఇంత దూరం వచ్చాక ఈ పాటి దగ్గరతనం చాలు, కూరగిన్నెలు ఇటూ అటూ తిరగడానికి.

ఆ ఏడాది మా అమ్మ మా దగ్గరికి ఆర్నెల్లకి వచ్చింది. అదే రోజుల్లో ఆయన నాన్నగారు కూడా వచ్చారు. ఆయన జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మాస్టారు.

ఒకరోజు మా అమ్మాయి బడినుంచి వచ్చి, పాలగ్లాసు ముందు పెట్టుకుని, "నాయనమ్మా, నువ్వు ఐడల్ వర్షిప్ చేస్తావు కదా, అట్లా చేస్తే హెల్‌కి వెళ్తారట, నిజమేనా?" అని అడిగింది. చెప్పింది మూడిళ్ల అవతలి పిల్లాడు. పిల్లకి ఎనిమిదేళ్లు, పిల్లాడికి తొమ్మిది. అమ్మకి ఐడల్ అంటే అర్థం కాలేదు. "విగ్రహం" అని నేను చెప్పాను. "హెల్" మాత్రం ఆవిడకి తెలుసు.

"పోతే పోతాలే గానీ, ముందా పాలు తాగు" అంది అమ్మ.

అంతటితో అయిపోయేదే. కాని అదే వారం బడినుంచి ఒక కాగితం వచ్చింది. వారంలో అరగంట క్రైస్తవ బోధన ఉంటుందని, మీ అమ్మాయి కూర్చోవడానికి సమ్మతిస్తూ సంతకం పెట్టమని. న్యూజిలాండులో 1877 విద్యా చట్టం ప్రకారం ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో చదువు మతరహితంగా ఉండాలి. దానికి 1897లో నెల్సన్ అనే ఊళ్లో ఒక ఉపాయం కనిపెట్టారు. బడిని కాసేపు మూసేసినట్టు లెక్కవేసి, ఆ సమయంలో బయటినుంచి వచ్చిన స్వచ్ఛంద కార్యకర్తలు బైబిలు చెప్పుకోవచ్చు. మనవాళ్లకే ఇలాంటి కిటుకులు తెలుసనుకున్నాను. ఆ పద్ధతి తర్వాత చట్టంలోకి ఎక్కింది, ఇప్పటికీ ఉంది. వారానికి గంట, ఏడాదికి ఇరవై గంటలు దాటకూడదు. పూర్వం వద్దనుకున్న తల్లిదండ్రులు వద్దని చెప్పుకోవాలి. 2020 చట్టంతో అది తిరగబడి, కావాలనుకున్నవాళ్లే సంతకం పెట్టివ్వాలి.

మా ఆవిడ పెడదామంది. "నేను పదేళ్లు కాన్వెంట్లో చదివాను. రోజూ ప్రేయర్ చెప్పాను. ఇంటికొచ్చి తులసికి నీళ్లు పోశాను. నాకేమైంది?" అంది. నాకేమో సంతకం పెట్టబుద్ధి కాలేదు. ఎందుకని అడిగితే సరైన జవాబు దొరకలేదు. "పాప ఇంట్లో దేవుడి గదిలోకి వెళ్లడానికి భయపడితే?" అన్నాను. "నీకే భయంలా ఉంది" అంది. ఆ కాగితం ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద ఉండిపోయింది.

అప్పుడు మొదలుపెట్టాను చదవడం. ఆ పిల్లాడు అన్నమాట ఎక్కడిది? ఎవరు ఎప్పుడు అన్నారు? అందరూ అదే అన్నారా?

అందరూ అదే అనలేదు. 1713లో తరంగంబాడిలో జీగెన్‌బాల్గ్ అనే జర్మన్ మిషనరీ దక్షిణాది దేవతల వంశవృక్షం గురించి శ్రమపడి పెద్ద గ్రంథం రాసి, అచ్చు వేయమని హాలే నగరానికి పంపాడు. నిన్ను అక్కడికి పంపింది అన్యమతాన్ని నిర్మూలించడానికిగాని ఆ కథల్ని యూరపులో ప్రచారం చేయడానికి కాదని అక్కడి పెద్దలు చీవాట్లు పెట్టారు. ఆ పుస్తకం అచ్చయింది 1867లో, నూటయాభై ఏళ్ల తర్వాత. అంటే మొదటినుంచీ ఇద్దరున్నారు. ఎదుటివాడు ఏం నమ్ముతున్నాడో కూర్చుని విన్నవాడొకడు, వినక్కర్లేదన్నవాడొకడు. తమాషా ఏమిటంటే ఆ విన్నవాళ్ల పుస్తకాలే ఇవాళ మనకి మిగిలాయి. మా వైపు పోలేరమ్మ, అంకమ్మ కొలుపులు వందేళ్ల కిందట ఎలా జరిగేవో తెలుసుకోవాలంటే 1915లో ఎల్మోర్ అనే బాప్టిస్టు మిషనరీ ద్రావిడ దేవతల మీద రాసిందీ, 1916లో మద్రాసు బిషప్పు వైట్‌హెడ్ గ్రామదేవతల మీద రాసిందీ చూడాలి. పద్యకావ్యాలు రాసుకున్న మన పండితులకి పోలేరమ్మ మీద పుస్తకం రాయాలని తోచలేదు.

మిషనరీల వాదాల్ని నాకు అర్థమైనంతలో మూడు వరసల్లో పెట్టుకున్నాను. మొదటిది మొరటుది. హిందూమతమంతా చీకటి, క్రైస్తవం వెలుగు, చదువు చెబితే చీకటి దానంతటదే పోతుంది. 1830లో కలకత్తా వచ్చిన అలెగ్జాండర్ డఫ్ ఇంగ్లీషు బళ్లు పెట్టింది ఈ నమ్మకంతోనే. చదువు నిలిచింది, చీకటి మాత్రం వాళ్లనుకున్నట్టు పోలేదు.

రెండోది మెత్తనిది. 1913లో ఫార్కర్ అనే స్కాట్లండు ఆయన హిందూమతానికి క్రీస్తే కిరీటమని పుస్తకం రాశాడు. హిందువుల తపనలన్నీ నిజమైనవే, వాటికి పరిపూర్తి మాత్రం క్రీస్తులో దొరుకుతుందని ఆయన వాదం. మూడోది, 1938లో మద్రాసు దగ్గర తాంబరంలో జరిగిన ప్రపంచ మిషనరీ సభ కోసం హెండ్రిక్ క్రేమర్ అనే డచ్ పండితుడు రాసింది. ఆయన ఈ మెట్ల లెక్క కుదరదన్నాడు. దేవుడు క్రీస్తులో తనను తాను బయటపెట్టుకోవడం వేరు, మనుషులు కట్టుకున్న మతాలు వేరు, ఒకదానిలోంచి ఇంకోదానిలోకి నిచ్చెన లేదన్నాడు. ఆ సభలోనే మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ ఆచార్యుడు హాగ్ ఆయనతో విభేదించాడు. క్రైస్తవుడు కానివాడి భక్తిలో కూడా దేవుడు పలకడంలేదని నువ్వెలా చెప్పగలవని ఆయన సారాంశం. కాథలిక్కులైతే 1965 అక్టోబరు 28న వాటికన్ సభ ప్రకటనలో హిందూమతం పేరెత్తి, అందులోని సత్యమైనదాన్ని, పవిత్రమైనదాన్ని తాము తోసిపుచ్చమని రాసుకున్నారు.

ఈ హాగ్ గారి పేరు తెలుగువాళ్లు గుర్తుంచుకోవాలి. తిరుత్తణిలో తెలుగింట పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆయన శిష్యుడు. మిషనరీ కాలేజీల్లో చదువుతూ, వేదాంతంలో నీతికి చోటు లేదన్న విమర్శ రోజూ వింటూ ఆ కుర్రవాడు కలవరపడ్డాడు. ఆ కలవరంతోనే 1908లో ఎం.ఏ. కోసం వేదాంతంలోని నైతికత మీద సిద్ధాంతవ్యాసం రాశాడు. దాన్ని మెచ్చుకుని యోగ్యతాపత్రం ఇచ్చినవాడు హాగే. ఇరవయ్యో శతాబ్దంలో హిందూమతం తరఫున ప్రపంచానికి జవాబు చెప్పిన పెద్దమనిషిని తయారుచేసింది ఒక రకంగా మిషనరీలే. మా ఆవిడ కాన్వెంటు సంగతి ఇంతకంటే చిన్నదే గాని, జాతి ఒకటే.

అన్నీ చదివాక నాకొక సంగతి తట్టింది. ఆ మూడింటిలో నాకు ఎక్కువ ఇబ్బంది కలిగించింది మొరటుది కాదు, మెత్తనిది. మా అమ్మ పొద్దున్నే దీపం పెట్టి చదువుకునే లలితాసహస్రం ఇంకెవరింటికో ఎక్కే మెట్టు అంటే ఆ మర్యాద నాకక్కర్లేదనిపించింది. క్రేమర్ కనీసం "నీ ఇల్లు వేరు, నా ఇల్లు వేరు" అన్నాడు. అయితే వెంటనే ఇంకోటి కూడా తట్టింది. రాధాకృష్ణన్ గారి వరసలో మనం ఘనంగా చెప్పుకునేది ఏమిటి? అన్ని మతాలూ ఒకే సత్యానికి దారులు, విగ్రహం మొదటి మెట్టు, సగుణం తర్వాతి మెట్టు, చివరికి అద్వైతం. ఏసుక్రీస్తు కూడా మా దారిలోనే ఒక మలుపు. ఇదీ కిరీటమే. తల మాత్రం మారింది. మన ఇంట్లో పటాల పక్కన ఏసు పటం పెట్టుకుని మనమెంత విశాల హృదయులమో చెప్పుకుంటాం. క్రైస్తవుడికి అది గౌరవంగా కనిపిస్తోందా, మింగేయడంగా కనిపిస్తోందా అని అడగం.

ఆ ఆదివారం సాయంత్రం మాస్టారు మా ఇంటికి వచ్చారు. మనవడు అన్నమాట ఆయన చెవిన పడింది. వాకిట్లోనే నిలబడి, "అమ్మగారూ, పిల్లాడు తప్పు మాట్లాడాడు" అన్నారు. అమ్మ లోపలికి రమ్మని, "పిల్లలన్న తర్వాత అంటారు మాస్టారూ, దానికి మీరు రావడమేంటి" అని కాఫీ పెట్టింది. ఆయన కూర్చున్న కుర్చీ మా భోజనాల బల్ల దగ్గరది. అమ్మ ఎదురుగా కూర్చుంది. మా ఊళ్లో అయితే, నా చిన్నప్పుడు, ఈ ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చునేవాళ్లు కాదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు, ఎవరూ అనలేదు.

నేనే అడిగాను. "మాస్టారూ, మీ వాడు అన్నది తప్పు అన్నారు. మీ బోధ ప్రకారం తప్పేనా?"

ఆయన కాస్సేపు ఆగారు. "అబద్ధం చెప్పలేను బాబూ. మా బోధకుల్లో చాలామంది అట్లాగే చెబుతారు. నేను విన్నాను, పెరిగాను. కాని తీర్పు తీర్చేవాడు దేవుడని కూడా వాళ్లే చెబుతారు. ఆయన కుర్చీలో మా వాడు కూర్చున్నాడు. తప్పు అక్కడ" అన్నారు.

తర్వాత ఆయనే చెప్పుకొచ్చారు. "మా ముత్తాత డప్పు కొట్టేవాడు. పోలేరమ్మ కొలుపుకి ఆయన డప్పు లేకపోతే పని జరిగేది కాదు. మతం పుచ్చుకున్నాక కొట్టనన్నాడు. ఊరు ఊరంతా మీద పడింది. మీరంతా అనుకుంటారు మేము రాముణ్ణి వదిలేశామని. రాముడి గుళ్లోకి మమ్మల్ని రానిచ్చిందెవరు, వదలడానికి? లోపలున్న విగ్రహం ఎట్లా ఉంటుందో మా వాళ్లకు తెలియదు. మేము వదిలింది పోలేరమ్మని. ఆవిడ మాది. ఆవిడని వదలడమే కష్టమైందని మా నాయనమ్మ చెప్పేది."

అమ్మ ఏమీ అనలేదు. కాఫీ గ్లాసు తీసుకుంటూ, "అమ్మగారూ అని పిలవకండి మాస్టారూ. మీరు నాకంటే పెద్దవారు" అంది.

ఆయన వెళ్లాక మళ్లీ ఒంగోలు పుస్తకాలు తీశాను. ఈసారి వేరే చోట చూశాను. 1836లో వచ్చిన అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ ఏళ్ల తరబడి కొద్దిమందిని కూడా పోగెయ్యలేక, మూసేద్దామా అని వాళ్ల బోర్డు తర్జనభర్జన పడేదాకా వచ్చింది. వాళ్ల వేదాంతమేమీ మారలేదు. మారింది ఒక్కటే, వినేవాళ్లు. యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ ఆయన తోళ్ల వ్యాపారం మీద ఉత్తరానికి వెళ్లి, ఏలూరు దగ్గర ఒక మిషనరీ మాటలు విని తిరిగొచ్చాడు. 1866లో ఒంగోలు వచ్చి స్థిరపడ్డ జాన్ క్లౌకు ఆయనే దారి. ఈ పేరయ్య అంతకుముందే రాజయోగం ఉపదేశం పొందినవాడు. ఆయనకు ఉపదేశించిన గురువు ఒక స్త్రీ. 1899లో క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ మాదిగల మీద రాసిన పుస్తకంలో ఇదంతా ఉంది. పోతులూరి వీరబ్రహ్మంగారి ప్రస్తావన కూడా అందులో ఉంది. బ్రహ్మంగారి శిష్యుల్లో మాదిగ కక్కయ్య ఉన్నాడని మనకి తెలిసిందే. అంటే పేరయ్య చీకట్లోంచి రాలేదు. విగ్రహం అక్కర్లేని దేవుడి కోసం ఆయన వెతుకులాట మిషనరీ రాకముందే మొదలైంది. ఫార్కర్‌కీ, క్రేమర్‌కీ, రాధాకృష్ణన్‌కీ మధ్య జరిగిన వాదంలో హిందూమతమంటే ఉపనిషత్తులు, గీత, శంకరుడు. పేరయ్యది ఏ పేజీలోనూ లేదు.

క్లౌ మొదట ఒంగోలులో పై కులాల పిల్లలకి బడి పెట్టాడు. మాదిగలు బాప్తిస్మానికి రాగానే, వాళ్లని చేర్చుకుంటే మా పిల్లల్ని మానిపిస్తామని పెద్దలు చెప్పారు. ఆ రాత్రి ఆయన, మొదటి భార్య వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే వచనం, లోకంలో తక్కువవాళ్లని దేవుడు ఎన్నుకుంటాడన్నది, కనిపించిందని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. నమ్మినా నమ్మకపోయినా ఫలితం ఒకటే. బడి పోయింది, మాదిగలు వచ్చారు. చేరినవాళ్లకి ఆయన పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. వినడానికి మతనియమాలే. ఊళ్లో అవి వెట్టి మీద, కొలుపు డప్పు మీద, చచ్చిన గొడ్డు ఈడ్చే పని మీద తిరుగుబాటుగా దిగాయి. మాస్టారి ముత్తాత మీద ఊరు పడింది అందుకే.

1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. అన్నం కోసం మతం మారారన్న మాట వస్తుందని కరువున్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ ఆపినవన్నీ కలిసి 1878లో గుండ్లకమ్మ దగ్గర ఒక్కసారి తెగాయి. అన్నం కోసమేనని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. ఉండవచ్చు. కాని మూడు తరాలు డప్పు కొట్టనని నిలబడటానికి అన్నం ఒక్కటే చాలదు. పైగా 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా పోతుంది. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారుగాని క్రైస్తవులకి ఇవ్వలేదు. అన్నం లెక్కే వేసుకుంటే నష్టం ఎటో తెలుస్తూనే ఉంది.

ఇక మాటల సంగతి. నేను బతికేది కంప్యూటర్ల మీద. ఒక సిస్టంలో ఉన్న సమాచారాన్ని ఇంకో సిస్టంలోకి మార్చేటప్పుడు మేము భయపడేది పేర్లు వేరుగా ఉన్నచోట కాదు. పేరు ఒకటే ఉండి అర్థం వేరైన చోట. అక్కడ ఎర్రర్ రాదు. అంతా సరిగానే నడుస్తున్నట్టుంటుంది. తెలుగు బైబిలు చూస్తే నాకదే గుర్తొచ్చింది. 1805లో విశాఖపట్నంలో దిగిన క్రాన్, డెగ్రాంజ్‌లు ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో మొదలుపెట్టిన అనువాదం సువార్తలుగా 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయింది. అప్పటినుంచీ ఎన్ని చేతులు మారినా చిక్కు ఒకటే. దేవుడు, పాపం, నరకం, కృప, ఆత్మ, అన్నీ మన ఇంటి మాటలే. కొన్నిచోట్ల మన మాట సిద్ధంగా ఉన్నా జాగ్రత్తగా పక్కకి తప్పుకున్నారు. అవతారం అనకుండా శరీరధారి అన్నారు. మోక్షానికి బదులు రక్షణకి పట్టం కట్టారు. విగ్రహం మాత్రం అలాగే తీసుకున్నారు. మా అమ్మకి ఆ మాట వింటే కళ్లముందు వెండి కళ్లతో వేంకటేశ్వరుడు నిలబడతాడు. మాస్టారికి వింటే పాపం గుర్తొస్తుంది. ఇద్దరూ ఒకే తెలుగు మాట్లాడుతున్నారు. ఎర్రర్ రాలేదు.

ఈ దేశంలో ఇలాంటిది ఇంకా పెద్దఎత్తున జరిగింది. 1814 క్రిస్మస్ నాడు శామ్యూల్ మార్స్‌డెన్ ఇక్కడ మొదటి క్రైస్తవ ప్రసంగం చేశాడు. దేవుడికి మావోరీలో అతువా అన్న మాటనే వాడుకున్నారు. పరిశుద్ధమన్నచోట తపు అన్నారు. ప్రార్థనలో దేవుడి రాజ్యాన్ని రంగతిరతంగ అన్నారు. 1840 ఫిబ్రవరిలో వైటంగి ఒడంబడికని రాత్రికి రాత్రి మావోరీలోకి మార్చింది హెన్రీ విలియమ్స్ అనే మిషనరీ, ఆయన కొడుకు. అందులో రాణిగారికి ఇచ్చే సార్వభౌమత్వాన్ని కావనతంగ అన్నారు, గవర్నరుగిరీ లాంటి మాట. మావోరీ నాయకుల దగ్గర ఉండిపోయేదాన్ని రంగతిరతంగ అన్నారు. దేవుడి రాజ్యానికి వాడిన మాట తమ దగ్గరే ఉండిపోతోందని చదివినవాడు సంతకం పెట్టకేం చేస్తాడు? ఆ రెండు మాటల మధ్య తగాదా ఇవాళ్టికీ తీరలేదు. అదే కాలంలో థామస్ కెండాల్ అనే మిషనరీ మావోరీల సృష్టికథల లోతు చూసి, తానే అన్యుడైపోయేటంత పని అయిందని ఉత్తరంలో రాసుకున్నాడు. ఆయన్ని సంఘం వాళ్లు తీసేశారు. దానికి వేరే కారణాలు కూడా ఉన్నాయిలెండి. వినడానికి కూర్చున్నవాడికి ఈ ప్రమాదం ఉంటుంది. వినకపోతే ఏ ప్రమాదమూ లేదు.

మన వైపు కూడా విన్నవాళ్లు ఉన్నారు. పద్దెనిమిదో శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథని వేదాంతరసాయనమనే పేరుతో పద్యకావ్యం చేశాడు. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌధరి క్రైస్తవ కీర్తనలకి రాగం, తాళం పెట్టి ఇచ్చాడు. మొట్టమొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు అజరయ్య దోర్నకల్‌లో కట్టించిన చర్చి 1939లో ప్రతిష్ఠ అయింది. దానికి గుడి స్తంభాలూ ఉన్నాయి, మసీదు గుమ్మటాలూ ఉన్నాయి. ఆ అజరయ్యే 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల సభలో లేచి, మీ త్యాగాలు, మీ దానాలు అన్నీ ముట్టాయి, మాకు కావల్సింది మీ స్నేహం అనే అర్థం వచ్చేలా మాట్లాడాడు. తెల్లదొరలకి చెప్పాడు. మాలాంటివాళ్లకి కూడా పనికొస్తుంది.

సంతకం పెట్టలేదు. మా ఆవిడ దానికి ఒప్పుకుందని చెప్పలేను, పట్టు వదిలింది. నేను చెప్పిన కారణం ఇది. బడిలో చెప్పేవాళ్లు మంచివాళ్లే కావచ్చు. కాని అక్కడ మా అమ్మాయి వినేది ఒకరి మాటే. ఎదురు ప్రశ్న వేస్తే జవాబు చెప్పడానికి మాస్టారూ లేరు, నాయనమ్మా లేదు. ఆ మతం గురించి తెలుసుకోవాలంటే దాన్ని బతుకులో మోసినవాళ్ల దగ్గర తెలుసుకోవాలి. పోలేరమ్మని వదలడం ఎంత కష్టమైందో చెప్పగలిగినవాళ్ల దగ్గర.

ఆర్నెల్లలో అమ్మకీ మాస్టారికీ మతం మీద ఒప్పందమేమీ కుదరలేదు. ఆయన ప్రసాదం తీసుకోరు. అరటిపండైనా, దేవుడి ముందు పెట్టిందంటే, నవ్వుతూ వద్దంటారు. అది అమ్మకి మొదట చివుక్కుమంది. తర్వాత ఆవిడే పద్ధతి మార్చింది. శుక్రవారం పులిహోర కలిపాక, నైవేద్యం పెట్టక ముందే ఒక గిన్నెలోకి వేరే తీసి మా అమ్మాయి చేత మూడిళ్ల అవతలికి పంపేది. "ఇది దేవుడికి పెట్టలేదని చెప్పు, తింటారు" అనేది. నైవేద్యానికి ముందు ఎవరికైనా తీసి పెట్టడం మా ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు. ఏ వేదాంతం ప్రకారం ఒప్పో నాకు తెలియదు. గిన్నె మాత్రం ఎప్పుడూ ఖాళీగా తిరిగి రాలేదు.